ఆరో రోజు ఎర్ర నీళ్ళు

గని కప్పు మళ్ళీ కారుతోంది. పైన వాగు. కింద నలభై మంది. అవి వాగు నీళ్ళేనని తేలితే అక్కడ పని ఆపాలి. తేలేదాకా బొగ్గు తియ్యాలి.

తేల్చడానికి ఒక నిపుణుడు రామగుండం స్టేషన్లో దిగాడు. మేనేజరు గదిలో బల్ల మీద రెండు గాజు పలకలు నిలబెట్టి, వాటి సందులో నీళ్ళు పోశాడు.

"రాతిలో పగులంటే ఇదే. సందు రెట్టింపైతే నీళ్ళు ఎనిమిది రెట్లు వస్తాయి."

పంపు నడిపే గట్టయ్య చేతులు కట్టుకుని చూశాడు.

"సారూ, వాగు పొంగిన తెల్లారే మా నెత్తిన కురుస్తది. గవి వాగు నీళ్ళే."

"నీకు లెక్కలొచ్చా?" అన్నాడు మేనేజరు.

"లెక్కలు రావు సారూ. తడుసుడొస్తది."

నిపుణుడు నవ్వలేదు. మూడు రోజులు కాగితాలు నింపి గట్టయ్యను పిలిచాడు.

"సోమవారం పొద్దున వాగులో ఎర్ర రంగు కలుపు. నా లెక్క ప్రకారం ఆరో రోజు పదింటికి కిందికి రావాలి. రాకపోతే అవి వాగు నీళ్ళు కావు."

"మీరు రారా సారూ?"

"వాగు దాకా జీపు పోదు కదా."

సోమవారం గడిచింది. మంగళవారం వాన దంచింది. కుర్ర కార్మికుడు ముత్యం డ్యూటీ సరిగ్గా ఆ కప్పు కిందే.

"రంగు రాకుంటే ఎట్ల కాకా?" అన్నాడు.

"సారు లెక్క తప్పదురా," అన్నాడు గట్టయ్య.

ఆరో రోజు అందరూ గనిలోకి దిగారు. నిపుణుడు గడియారం చూస్తూ నిలబడ్డాడు. పది దాటి నాలుగు నిమిషాలైంది. కప్పు పగుల్లోంచి ఒక ఎర్ర చుక్క మేనేజరు తెల్లచొక్కా మీద పడింది. వెనకే ధార కట్టింది.

"నాలుగే నిమిషాల తేడా! పగుల్లో బురద ఉండి ఉంటుంది," అని నిపుణుడు రాసుకున్నాడు.

మేనేజరు పని ఆపే కాగితం మీద సంతకం పెట్టాడు. నలభై మంది తట్టలు, బొగ్గెత్తే చెమ్మాసులు ఎత్తుకుని పైకొచ్చారు. నిపుణుడికి బంతిపూల దండ పడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గట్టయ్యే.

మధ్యాహ్నం ఇంటికి రాగానే భార్య సారక్క అతన్ని గడపలోనే ఆపింది.

"చీటి మీద సంతకం కాలేదని వాగుల కలిపే రంగు డబ్బ ఇంకా స్టోర్లనే ఉన్నదంటున్నడు స్టోరు చూసే సాబిరన్న, మరి గోడలకు పుయ్యాలని తెచ్చిన నా ఎర్రజాజు మూట నిన్న పొద్దుగాల ఏడ పాయెనయ్యా?"