పొట్టి స్టూలు

“చెయ్యి లేస్తలేదన్నా. జర ఆగు.”

“నువ్వాగితే పని ఆగుతది. కుట్టు!”

సూర్యాపేట బస్టాండు వెనక రేకుల గది. సునీత కుడి మణికట్టు వాచి మెరుస్తోంది. మిషను ఎత్తు, స్టూలు పొట్టిది. భుజాలు చెవుల దాకా లేపితే తప్ప గుడ్డ సూది కిందికి చేరదు. ఏళ్ల తరబడి అట్లాగే కుట్టింది. ఇప్పుడు నీళ్ల గ్లాసు పట్టుకున్నా జారిపోతోంది.

“దవాఖానల ఏమన్నరో తెలుసా? నరం నలిగిందట. గిట్లనే కుడితే బొటనవేలు పనికిరాకుండ పోతదట.”

“వాళ్లు గట్లనే అంటరు. పసుపు, సున్నం పెట్టి కట్టుకో,” అన్నాడు పని అప్పగించిన మహిపాల్.

పక్క మిషను మీదున్న ఐలమ్మకు ఒళ్లు మండింది. “మీ ఇంట్ల ఆడోళ్లకు గిట్లనే పెడతవా సున్నం? స్టూలు కింద రెండు ఇటుకలు పెట్టుకుంటం. ఆ జరసేపన్న ఇయ్యరాదు?”

“ఇయ్యాల ఇటుకలంటరు, రేపు సోఫాలంటరు. పొద్దుగాల మిర్యాలగూడకు బండి పోవాలె. మీతోని కాకుంటే చెప్పుండ్రి, కోదాడ నుంచి మనుషులను పిలుస్త.”

“పిలువు! వాళ్లకేమన్న ఇనుప చేతులున్నయా?”

“ఐలమ్మక్కా, నోరు కాదు, కాలు ఆడించు.” అతని గొంతు బొంగురుపోయింది. “అరిచి అరిచి నా గొంతు పోయింది. నేను ఆపిన్నా? ఇదంత ఎవరి కోసం? మనందరి కోసమే గదా!”

“మనందరి కోసమట! నొప్పి మాత్రం నా ఒక్కదానిదే,” పళ్లు కొరికింది సునీత.

కోదాడ మాట ఎత్తాక లేచి వెళ్లే ధైర్యం ఎవరికుంటుంది? కుడిచేతిని చచ్చిన కోడిలా మిషను మీద పడేసి, ఎడమచేత్తో గుడ్డ లాగుతూ కుట్టింది. ఆఖరి అంచు పూర్తయ్యేసరికి బొటనవేలు వంగడం మానేసింది. కత్తెర జారి నేల మీద పడింది. మహిపాల్ దానివైపైనా చూడలేదు. కుట్టు సూటిగా వచ్చిందో లేదో చూసి మూట కట్టుకుపోయాడు.

మరునాడు పొద్దున బండి మిర్యాలగూడలో ఓ రైసు మిల్లు గేటు ముందు ఆగింది. మిల్లు ఆడకూలీలు అప్పటికే గుమిగూడి ఉన్నారు. యజమాని సుధాకర్ బయటికి వచ్చాడు. మహిపాల్ మూట విప్పి, సునీత కుట్టిన ఎర్రజెండాల్లో ఒకటి కర్రకు తొడిగి పైకెత్తాడు. గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు.

“మిల్లుల మా ఆడోళ్లకు సరైన స్టూళ్లు ఇచ్చేదాంక గేటు తెరువనియ్యం!”