సావా తాత చుట్టాలు

"మళ్ళీ పిన్నిగారా, సావా తాతా?"

ప్రింటర్లోంచి వచ్చిన మూడు కాగితాలనూ రాలిత్సా చేతిలోకి తీసుకుంది.

నల్ల అంచు. మధ్యలో ఒక ముసలావిడ ఫోటో. 'దేష్కా మనల్ని విడిచి నేటికి నలభై రోజులు.' అడుగున, 'దుఃఖంతో, అక్క కొడుకు సావా.' పోయినవాళ్ళ కోసం అయినవాళ్ళు ఆ ఊళ్ళో తలుపులకీ గోడలకీ అంటించే కాగితం.

"మా అమ్మకి చెల్లెళ్ళు చాలామంది తల్లీ," అన్నాడు సావా.

"పోయిన నెల బావగారు. అంతకుముందు మేనమామ. రిజిస్టరు తిరగేశాను, ఏడాదిలో పదిహేడుమంది! మీ వంశానికేమైనా శాపమా?"

పక్క కంప్యూటర్లో చదరంగం ఆడుకుంటున్న మితాకో కిసుక్కున నవ్వాడు.

"సావాతో చుట్టరికం కలుపుకోకమ్మోయ్! నలభై రోజులు తిరక్కుండా గోడెక్కుతావ్."

సావా కూడా నవ్వేశాడు. "ఏం చెయ్యను, పెద్ద కుటుంబం."

రాలిత్సా మాత్రం నవ్వలేదు. యాంత్రా నది ఒడ్డునున్న ఆ చిన్న ఊరి గ్రంథాలయంలో ఆమె చేరి మూడు నెలలైంది. కంప్యూటర్ల గదిలో పన్నెండు నియమాలు రాయించి గోడకి అంటించింది తనే. లేచి వెళ్ళి తొమ్మిదో దాని మీద వేలు పెట్టింది.

"చదవండి."

"కళ్ళజోడు లేదమ్మా."

"'ఈ కంప్యూటర్ల మీద డబ్బు సంపాదించే పనులు చేయరాదు.' చెప్పండి, ఒక్కో కాగితానికి ఎంత పుచ్చుకుంటున్నారు?"

సావా మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఎవరి దగ్గర పుచ్చుకోను తల్లీ?"

"అది మీకే తెలియాలి. మీ లైబ్రరీ కార్డు ఇలా ఇవ్వండి."

ఆయన జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"కార్డు ఉంచుకో. కాగితాలు మాత్రం ఇచ్చెయ్. రేపే నలభయ్యో రోజు. పొద్దున్నకల్లా ఆవిడ ఇంటి తలుపు మీద ఉండకపోతే, దేష్కాని ఊరు మర్చిపోయిందనుకుంటారు."

"రూలు రూలే తాతా."

"కాదనను."

కార్డూ కాగితాలూ సొరుగులోకి వెళ్ళిపోయాయి. సావా సంచిలోంచి ఒక కాగితం గ్లాసు తీసి ఆమె ముందు పెట్టాడు. చక్కెర వేసి ఉడికించిన గోధుమలు.

"ఇక్కడ తినకూడదుగా, నాలుగో రూలు. బయటికెళ్ళి తిను. దేష్కా పేరు ఒక్కసారి తల్చుకో."

మర్నాడు వస్తూ వస్తూ రాలిత్సా దేష్కా ఇంటివైపు చూసింది. తలుపు బోసిగా ఉంది.

'అంత పెద్ద కుటుంబంలో ఇంకెవరైనా అంటించొచ్చుగా' అనుకుంది.

సావా మళ్ళీ రాలేదు.

మూడో వారంలో మునిసిపాలిటీ నుంచి కలీనా వచ్చింది. వయసు మళ్ళినవాళ్ళ మంచిచెడ్డలు చూసే ఉద్యోగం ఆమెది.

"సావాగారి ఫోటో మీ దగ్గరేమైనా ఉందా? ఆదివారం పోయారు. గుండె ఆగిపోయింది. గోడకి కాగితం వెయ్యాలి, ఇల్లంతా వెతికినా ఒక్క ఫోటో దొరకలేదు."

రాలిత్సా చెయ్యి సొరుగు మీదే ఉండిపోయింది.

"వాళ్ళవాళ్ళని అడగలేకపోయారా?"

"ఎవర్ని? రేపు మేమే పూడ్చిపెడుతున్నాం."

"అదేమిటి! ఏడాదిలో పదిహేడుమంది చుట్టాలకి కాగితాలు వేశారాయన. ఇదిగో, వాళ్ళ పిన్ని."

కలీనా ఆ కాగితం అందుకుని చూసింది.

"దేష్కానీ మేమే పూడ్చిపెట్టాం. ఆవిడకీ ఎవరూ రాలేదు. ప్రతి నెలా మా ఆఫీసుకొచ్చేవారు సావాగారు. 'ఈ నెల ఎవరూ రానివాళ్ళెవరు కలీనా?' అని పేర్లు రాసుకుపోయేవారు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు."

పక్క కంప్యూటర్లో చదరంగం ఆపి మితాకో తల మీది టోపీ తీసేశాడు.

రాలిత్సా కార్డు తీసుకుని, సావా ఎప్పుడూ కూర్చునే కంప్యూటర్ ముందు కూర్చుంది. కార్డు మీది ఫోటో ఎక్కించింది. నల్ల అంచు పెట్టింది. మనిషికి రోజుకి మూడు కాపీలే అన్నది ఆమె రాయించిన ఆరో నియమం. ఇరవై తీసింది.

కలీనా ఒక కాగితం ఎత్తి అడుగు వరస చదివింది. 'దుఃఖంతో, మనవరాలు రాలిత్సా.'

"మనవరాలివా? ఎటువైపు?" మెల్లగా అడిగింది.

"వాళ్ళమ్మ వైపు. ఆవిడకి..." రాలిత్సా కాగితాల అంచులు సరిచేసింది. "ఆవిడకి చెల్లెళ్ళు చాలామంది."

కలీనా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మెవరో ఆయనకే తెలీదమ్మా, రెండ్రోజుల పసిగుడ్డుగా ఆస్పత్రి మెట్ల మీద దొరికిన మనిషి."