తెయోఫ్రెద్‌లు ఎందరు?

ఫ్రాన్సులోని ల పుయీ పట్టణంలో ఇంటిపేర్ల సంఘం వాళ్ళు ఏటా నవంబరులో ఒకరోజు మునిసిపాలిటీ హాల్లో బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఎవరి ఇంటిపేరు ఎలా పుట్టిందో, ఇప్పుడు దేశంలో అది ఎందరికి ఉందో, అడిగినవాళ్ళకి చెబుతారు.

ఒదెత్ తలుపు తోసుకుని లోపలికి రాగానే, కాఫీ పోస్తున్న జినెత్ నవ్వింది.

"వచ్చిందయ్యా రెజిస్, నీ పెళ్ళికూతురు. ఈసారైనా ఆవిడకో తెయోఫ్రెద్‌ని వెతికిపెట్టు."

బల్ల వెనక రెజిస్ లేచి కుర్చీ జరిపాడు. ఒదెత్ కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. లేసు అల్లి అల్లి వేళ్ళు వంకర్లు పోయాయి.

మొదటిసారి ఆమె వచ్చి ఆ పేరు చెప్పినప్పుడు రెజిస్ ముచ్చటపడ్డాడు. తెయోఫ్రెద్ అంటే ఈ కొండల్లో ఒక పాత మఠానికి పెద్దగా ఉన్న సాధువు. ఊళ్ళవాళ్ళు భక్తికొద్దీ కొడుకులకి ఆయన పేరు పెట్టుకునేవాళ్ళు. తండ్రి పేరే పిల్లలకి ఇంటిపేరయ్యేది. మార్టిన్ కూడా అలా వచ్చిందేనట.

"కాకపోతే మార్టిన్‌లు రాయి విసిరితే తగులుతారు. మీ తెయోఫ్రెద్‌లు దీపం పెట్టి వెతికినా దొరకరు," అన్నాడప్పుడు. "మీ అమ్మగారి వైపువాళ్ళా మేడమ్?"

"దగ్గరివాళ్ళే," అంది ఒదెత్.

ఆ తర్వాత ఏటా వచ్చింది. ఏటా అదే ప్రశ్న. రెజిస్ వెతికి వెతికి, "లేరు మేడమ్" అనేవాడు. ఆమె కాసేపు తల వంచుకుని, అతని చెయ్యి నొక్కి, కొండమీది పెద్ద చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించేది. జినెత్ ఒకసారి కళ్ళారా చూసింది. వంశం అంతరించిపోతే ఎంత క్షోభో పాపం అని అందరికీ చెప్పింది. ఆవిడ బతికుండగానే ఒక్కణ్ణయినా పట్టుకుని తీరాలని రెజిస్ పంతం పట్టాడు.

ఈసారి అతను "లేరు" అనలేదు.

"ముందు కాఫీ తాగండి మేడమ్. తర్వాత చెప్తాను."

ఒదెత్ కప్పు ముట్టుకోలేదు. "చెప్పండి."

"దొరికాడు. దేశం మొత్తం మీద ఒకే ఒక్కడు."

ఒదెత్ ఒళ్ళోని చేతితొడుగు కిందపడింది. ఆమె తీసుకోలేదు.

"మీరు పొరపాటు పడి ఉంటారు."

"పొరపాటేమిటండీ, ఫోన్లో మాట్లాడాను. లియాన్‌లో లారీ తోలుతాడు. ఇన్నాళ్ళూ బెల్జియంలో ఉన్నాడట, అందుకే నాకు చిక్కలేదు. పుట్టింది మాత్రం ఈ ఊళ్ళోనే. యాభై దాటాయి."

"అమ్మా నాన్నా..."

"అడిగాను. మీ వాళ్ళది ఏ ఊరు బాబూ అంటే నవ్వాడు. నా వెనకే కాదు, నా ముందూ ఎవరూ లేరండీ అన్నాడు. కాస్త తిక్కమనిషిలా ఉన్నాడు లెండి. మీ సంగతి చెప్పాను. నా పేరు కోసం ఏటా ఒకావిడ వస్తోందా అని రెండుసార్లు అడిగాడు."

జినెత్ వచ్చి ఒదెత్ భుజం చుట్టూ చెయ్యి వేసింది. మీ పేరు నిలబడింది కదమ్మా, ఇవాళ రెండు కొవ్వొత్తులు వెలిగించాలి అంది. రెజిస్ ఫోన్ నంబరు రాసిన చీటీ ఆమె ముందుకు జరిపాడు.

ఒదెత్ చీటీ పుచ్చుకుంది. ఇద్దరికీ దండం పెట్టినట్టుగా తల ఊపి బయటికి నడిచింది. కొండ వైపు వెళ్ళలేదు. హాలు గోడకి ఆనుకుని, మెట్లమీదే కూలబడింది.

తనెవరో చెప్పకుండా బిడ్డని కని, ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒక సాధువు పేరు పెట్టి వెళ్ళిపోతున్న ఇరవయ్యేళ్ళ ఒదెత్‌తో, "ఎవరైనా పెంచుకుంటే వాళ్ళ ఇంటిపేరు వచ్చి ఈ పేరు పోతుందిలే తల్లీ" అని పురుడు పోసిన నర్సు చెప్పిన మాట నమ్ముకుని, ఏటా ఆమె ఈ హాలుకి వచ్చింది "లేరు" అనే ఆ ఒక్క మాట వినడానికే.