ఊరికే తలూపని పట్టీ

అప్పటికి ఇంటింటా చేతికి అంటించుకునే పట్టీలే చక్కెర చూసి, ఇన్సులిన్ ఎక్కించి, కబుర్లు కూడా చెబుతున్నాయి. పాత పట్టీ మోతాదు మించి ఎక్కించి భార్య నూకరత్నానికి స్పృహ తప్పించాక, అనకాపల్లి బెల్లం వర్తకుడు అప్పలకొండ ఎవరి మాటా నమ్మడం మానేశాడు. ఆమెకు కడుపునిండా ఇడ్లీలు పెట్టి, కొత్తవి రెండు తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి అంటించాడు.

"ఈవిడికి ఈయేళ ఉపాసం. మందు మామూలుగానే ఎక్కించీ," అని రెండింటితోనూ కావాలనే అబద్ధమాడాడు.

"అలాగేనండీ, మీ ఇష్టం!" అంది మొదటిది. ఖాళీ కడుపున అంత మందు ప్రమాదమని కూడా అనని దాన్ని వెంటనే పీకేశాడు.

రెండోది, "ఉపవాసమా? చక్కెర పెరుగుతోందే! నిజం చెప్పండి, లేకపోతే డాక్టరుగారిని అడుగుతాను," అంది.

"ఓలమ్మో, ఇది మా అత్తకన్నా అనుమానం మనిషే!" అంది నూకరత్నం.

అప్పలకొండ పట్టీని గట్టిగా అదిమాడు. "ఉంచియ్యే. నాను కొట్టుకాడుంటే, నా బదులు అనుమానపడ్డానికి ఇంట్లో ఒకరుండాల."