అడ్డం పెట్టిన చెయ్యి

కొత్త రాజధాని హైదరాబాదులో, రాజులూ మంత్రులూ దిగే హోటల్లో సర్వరుగా చేరిన దాసు పదో రోజునే చోడవరం వచ్చేశాడు. ఉద్యోగం ఊడిందనుకుని భార్య రాజ్యం గుమ్మంలోనే నిలదీసింది.

"అక్కడేటి సేసేవు?"

"ఏటీ లేదే. ఒక దొరగారు పులావు సాలని ప్లేటుకి సెయ్యి అడ్డం పెట్టేరు. మొగమాటం కాబోలని ఆ సేతిమీదే వడ్డించేసేను."

"అందులో తప్పేటి?" అంది రాజ్యం.

చోడవరం పెళ్లిబంతుల్లో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడమంటే ఇంకా రెండుసార్లు బతిమాలమనే అర్థం.

"మేనేజరుగారు పొమ్మన్నారు. ఎల్తా ఎల్తా, ‘తవఁరు బోయినం సేసేరా బాబూ’ అనడిగేను. ఇరవయ్యేళ్లలో ఆయన్ని ఆ మాట అక్కడ ఎవులూ అడగలేదట. కుర్చీలో కూలబడిపోయేరు."

"అయితే ఉద్యోగం ఉన్నట్టా?"

"ఉంది. హాల్లోకి మాత్రం రానియ్యరు. రెండుపూటలా ఆయనొక్కడికే వడ్డన. ఉండడానికి గది కూడా ఇచ్చేరు. నిన్ను తీసుకెళ్దావఁని వచ్చేను."

రాజ్యం ముఖం విప్పారింది. "అక్కడ నాకేటి పని?"

"మేనేజరుగారు ఇప్పుడు రెండు సేతులూ అడ్డం పెట్టేస్తన్నారే. నేనొక్కణ్ణీ నెగ్గలేకపోతన్నాను."