చీమ కుట్టినంత

పళ్ళాసుపత్రిలో పేరు పిలవగానే రస్మిని లేచి, లోపలికి వెళ్ళాల్సింది పోయి బయటికి నడిచింది.

గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టేసింది. వాళ్ళమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకోకపోతే స్కూటరెక్కి పోయేదే. పోయిన వారం అలాగే పోయింది.

చిన్నప్పుడు బండి మీంచి పడి నల్లబడ్డ ముందుపన్ను అది. ఇన్నేళ్ళూ కిక్కురుమనకుండా ఉండి, సరిగ్గా ఇప్పుడు చీము పట్టింది. రూట్ కెనాల్ చేయాలి, ఆలస్యం చేస్తే పీకాల్సిందే అన్నాడు గియాన్యార్ ఊళ్ళోని పళ్ళ డాక్టరు.

పై పళ్ళు ఆరూ ఆకురాయితో అరగదీయించుకోకుండా వాళ్ళింట్లో ఆడపిల్లకి పెళ్ళి చేయరు. కామం, క్రోధం దగ్గర్నుంచి మాత్సర్యం దాకా మనిషిలోని ఆరుగురు శత్రువులూ ఆ ఆరు పళ్ళలోనే కాపురముంటారని పెద్దల మాట. ఆ వేడుకకి పూజారి ముహూర్తం పెట్టేశాడు. ఆ వెనకే రస్మిని పెళ్ళి.

పళ్ళు అరగదీసే పెద్దాయన్ని సంగింగ్ అంటారు. పొరుగూరి నుంచి వస్తాడు. పెదనాన్న వెళ్ళి మాట్లాడినప్పుడే, చీము పట్టిన పంటి మీద ఆకురాయి పెట్టనని ఖండితంగా చెప్పాడట.

ఇదంతా వాళ్ళమ్మ గుమ్మం దగ్గర నిలబడి, అక్కడున్న నలుగురూ వినేలా ఏకరువు పెట్టి, కూతుర్ని మళ్ళీ బల్ల మీద కూలేసింది.

రస్మిని లోపలి తలుపు వంకే చూస్తోంది. దవడపన్నయితే సూది కనబడదు. ముందుపన్ను కదా, సూది ముక్కు కిందికే వస్తుంది.

పక్కన తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకడు కూర్చున్నాడు. ముఖం సగం మాస్కులోనే ఉంది. ఆమె వైపు వంగాడు.

"నాదీ ముందుపన్నే తల్లీ. ముందు నేను వెళ్ళొస్తా. ఎలా ఉందో వచ్చి చెబుతా. అప్పుడు వెళ్దువుగాని."

మాట గాలి పోయినట్టు వచ్చింది. పాపం, వాపు కాబోలని వాళ్ళమ్మ జాలిపడింది.

రస్మిని పడలేదు. "వరస తప్పి దూరడానికి నా భయం దొరికిందా తాతా?"

వాళ్ళమ్మ తొడ మీద గిల్లింది. ముసలాయన లేచి లోపలికి వెళ్ళాడు.

తలుపు మూసుకుంది.

రస్మిని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుంది. మూలుగు లేదు, అరుపు లేదు, మిషను రొద కూడా లేదు. రొద కన్నా అదే ఎక్కువ భయమేసింది. చప్పుడు చేసే ఓపిక కూడా లేకుండా చేసేశారేమో ముసలాయన్ని.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు.

"చీమ కుట్టినంత," అన్నాడు. మాట ఇందాకటి కన్నా ముద్దగా ఉంది. మత్తుసూది మహిమ అనుకుంది రస్మిని.

ఆ వయసువాడే ఓర్చుకున్నాక తను పారిపోతే పరువేం కావాలి? రోషం వచ్చింది. ఆ రోషం చల్లారకముందే వెళ్ళి కుర్చీలో పడుకుంది.

దీపం కళ్ళలో పడింది. డాక్టరు పై పెదవి ఎత్తి పట్టుకున్నాడు. సూది వచ్చింది.

చీమ, చీమ, చీమ అనుకుంది.

కుట్టింది. గండుచీమే. కానీ చీమే.

తర్వాత పెదవి తనది కాకుండా పోయింది. మిషను గీపెట్టింది, ఏదో కాలిన వాసన వేసింది, వేళ్ళు కుర్చీని వదల్లేదు. ఎట్టకేలకు డాక్టరు దీపం ఆర్పేశాడు.

బయట ముసలాయన ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆమెను చూసి ఆత్రంగా లేచాడు.

"చీమేనా?"

మూతి వంకర పోయి, చొంగ కారుతున్నప్పుడు అడిగితే వెటకారంలా వినిపించింది రస్మినికి. "మీ పని అయిందిగా. ఇంకెవరి వరస కోసం కూర్చున్నారు?"

ఆయన తలాడించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి మత్తు దిగాక గానీ సిగ్గు ఎక్కలేదు. తన పని అయిపోయిన మనిషి వేరెవరి కోసం కూర్చుంటాడు? రెండోసారి పన్ను నింపించుకోవడానికి వెళ్ళినప్పుడు బల్లలన్నీ వెతికింది. ఆయన లేడు.

వేడుక రోజు రానే వచ్చింది. ముంగిట్లో గామెలాన్ మేళం మోగుతోంది. తన పళ్ళు అరగదీయించుకుని పెదనాన్న కూతురు మంచం దిగి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. రస్మిని ఎవరి వంకా చూడకుండా పసుపు దుప్పటి మీద పడుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ పన్ను ఆకురాయికి ఆగుతుందా, విరుగుతుందా? వాళ్ళమ్మ ఆమె పాదాలు పట్టుకుంది.

సంగింగ్ నోరు తెరిపించి, దవడ మూల చెరకుముక్క ఇరికించాడు. గోటితో ఆ ముందుపన్ను మీద మెల్లగా తట్టి చూశాడు.

"గట్టిగానే ఉంది. ఇంక చీమ కుట్టినంత."

రస్మిని కళ్ళు తెరిచింది. అదే తలపాగా, అవే కళ్ళు. మాస్కు లేదు.

"కోపం పన్ను మటుకు కాస్త మొండిది తల్లీ. మెల్లిగా తీస్తాలే," అన్నాడు ఆమెకొక్కదానికే వినపడేలా.

తప్పయిపోయింది తాతా అనాలి. నోటినిండా చెరకు. మాట రాక కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. నొప్పి అనుకుని వాళ్ళమ్మ పాదాలు ఇంకా గట్టిగా పట్టుకుంది.

సంగింగ్ ఆకురాయి చేతిలోకి తీసుకుని నోరారా నవ్వాడు. ఆ నోట్లో రూట్ కెనాల్ మాట దేవుడెరుగు, మచ్చుకి ఒక్క పన్ను కూడా లేదు.