ఏడింటికి ఫోన్ల పెట్టె

"ముసలామె మళ్లొచ్చిందే," అంది పూర్ణిమ, రూమ్మేట్ షారోన్‌తో.

తార్నాక వైపు యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ గేటు దగ్గర ఆమె రోజూ నిలబడేది. వచ్చీపోయే అమ్మాయిలను ఆపి ప్రశ్నలు వేసేది.

"ఫోన్ల మెసేజ్ వస్తే ముందు ఏం అడుగుతవు బిడ్డా?"

"ఎవరు పంపారూ అని," అంటూ నవ్వింది షారోన్.

"అది చాలదు. వానికేం కావాలె? నన్నెందుకు తొందర పెడ్తున్నడు? అది అడుగు."

కొత్త వార్డెన్ బయటికొచ్చింది. "మా పిల్లల ఫోన్లు సాయంత్రం ఏడింటికల్లా పెట్టెలో పడతాయి. మీ పాఠాలు అక్కర్లేదు. వెళ్లండి."

"పెట్టెల ఫోన్ పడ్తది మేడమ్. భయం పడదు," అని ముసలామె అక్కడే నిలబడింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. పెట్టెలో పడేవి డొక్కు ఫోన్లు. అసలు ఫోన్లు దిండు గలీబుల్లో ఉండేవి. ఈ సంగతి వార్డెన్‌కు తప్ప అందరికీ తెలుసు.

ఆదివారం ఉదయం షారోన్ దాచిన ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. ముఖం తనది, ఒళ్లు ఎవరిదో.

'గంటలో వీడియో కాల్ చెయ్. లేదంటే మీ నాన్న చర్చి గ్రూపులో పెడతా.'

వార్డెన్‌కు చెబితే దాచిన ఫోను సంగతి బయటపడుతుంది. హాస్టల్ నుంచి పంపేస్తారు.

"వాడు చెప్పినట్టు చేసెయ్యే, పీడ పోతది," అంది పూర్ణిమ ఏడుపు గొంతుతో.

గంటే ఎందుకు? వీడికెందుకింత తొందర?

నేను ఆలోచించకూడదని! షారోన్‌కు ఒళ్లు మండింది.

తిన్నగా వెళ్లి వార్డెన్ బల్ల మీద ఫోను పెట్టింది.

"ఇది దాచుకున్న ఫోనే మేడమ్. నన్ను పంపిస్తే పంపించండి. ముందు వీడి మీద కంప్లైంట్ ఇద్దాం పదండి. సిగ్గుపడాల్సింది వాడు, నేను కాదు."

తిట్టబోయిన వార్డెన్ ఆ ఫొటో చూసి లేచింది. ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు.

మర్నాడు షారోన్ గేటు దగ్గరికి పరుగెత్తింది. ముసలామె లేదు. ఏదని వాచ్‌మన్‌ను అడిగింది.

"ఆ ముసలామెనా? కమలాదేవి మేడమ్ శనివారమే పోయిందమ్మా, గుండె ఆగి," అన్నాడు వాచ్‌మన్ వెంకటేశం.

"మేడమా?"

"ఎనిమిదేండ్ల కింద గీడ వార్డెన్ గామెనే. ఒక పిల్లను గిట్లనే ఎవడో బెదిరిచ్చిండు. దాచిన ఫోన్ బయటపడ్తదని ఆ పిల్ల ఎవ్వరికీ చెప్పలే, చదువిడిసి పోయింది. గందుకే మేడమ్ కూడ నౌకరి ఇడిసింది."

"అందులో ఆవిడ తప్పేముంది?"

వెంకటేశం కళ్లు తుడుచుకున్నాడు.

"గా పెట్టె పెట్టిచ్చిందే ఆమె గదమ్మా."